లింబుక్ నోట నా మాట

జులై 1, మంగళవారం

జిల్లా సాంస్కృతిక కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. పోయిన నెల బొమ్మలాటలో మా లింబుక్ ఘట్టం మీద ఎవరో ఫిర్యాదు చేశారట. స్త్రీల గౌరవానికి భంగం కలిగిందట. ఈ నెల పంతొమ్మిదిన కరంగ్‌లేజులో గ్రామశుద్ధి ఉత్సవానికి మా ఆట ఉంది. ఆ రోజు చెప్పబోయే హాస్యమంతా ముందే కాగితం మీద రాసి, కార్యాలయంలో చూపించి, ముద్ర వేయించుకోవాలి. లేకపోతే లింబుక్ ఘట్టమే ఉండదు. భీముడు నేరుగా వచ్చి నేరుగా పోవాలి.

బొమ్మలు ఆడించే సర్వోకో గురువుగారు ఉత్తరం చదివి, కళ్ళజోడు తీసి, నా వైపు చూశారు. డోలు సుకీరన్ నా వైపు చూశాడు. పాటకత్తెలందరూ నా వైపే చూశారు. చూడరా మరి. ఆ అరగంటా మాటలు పడేది నేనే కదా, ఇరవై రెండేళ్ళుగా. నా బరువు తొంభై రెండు కిలోలు, ఇద్దరు మొగుళ్ళని సాగనంపాను. చప్పిడిముక్కు, గుండ్రాయి లాంటి ఒళ్ళు, జన్మలో పెళ్ళికాని దాసీ బొమ్మ లింబుక్ కూడా నన్ను చూసి "హమ్మయ్య, నేను సన్నగానే ఉన్నాను" అంటుంది. జనం ఒకళ్ళమీద ఒకళ్ళు పడి నవ్వుతారు.

నన్నెవరూ అడగలేదు. నీకు భంగం కలిగిందా తల్లీ అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?

నా గొంతు పై స్థాయి అందుకోక ఆరేళ్ళయింది. అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు. పాటకి ఇప్పుడు వెనింగ్ ఉంది, ఇరవై నాలుగేళ్ళ పిల్ల, గంట కొట్టినట్టుంటుంది గొంతు. నన్నింకా వేదిక మీద కూర్చోబెడుతున్నది ఆ అరగంట నవ్వే. అది తీసేస్తే ఇంట్లో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకోవాలి.

జులై 3, గురువారం

ఇంకా కోపం తగ్గలేదు.

ఒకటి రాసిపెట్టుకుంటాను, ఇక్కడైనా నిజం ఉండాలి కదా. ఆ జోకులు నావి. అన్నీ. గురువుగారికి భీముడి గొంతు వచ్చు, అర్జునుడి నడక వచ్చు, యుద్ధంలో ఆయన చెయ్యి కంటికి కనపడదు. జోకు మాత్రం రాదు. పాత క్యాలెండరు కాగితాల వెనక నేను రాసి, మడిచి, ఆయన లవంగం సిగరెట్ల పెట్టెలో పెడతాను. ఆయన అది చదివి లింబుక్ చేత అనిపిస్తారు. "మొదటి మొగుడు గుండె ఆగి పోయాడు, రెండోవాడు ఊపిరాడక పోయాడు" అన్నది ఎవరు రాశారనుకున్నారు. "ఈవిడ కూర్చోగానే వేదిక కట్టినవాడు ఇంటికి ఫోన్ చేసి అందరికీ వీడ్కోలు చెప్పాడు" కూడా నాదే. నా ఒళ్ళు, నా మొగుళ్ళు, నా రాత. ఇందులో భంగమైన గౌరవం ఎవరిదో నాకు అర్థం కావడం లేదు.

వేరేవాళ్ళ మీద కూడా రాస్తాను, కానీ నాకు ఇష్టమైనవాళ్ళ మీదే. పోయిన నెల వెనింగ్ మీద రాసింది ఈ ఏడాది మొత్తానికి మంచి జోకు. "నన్ను చూడ్డానికి ఎవడూ రాలేదు సరే, ఈ పిల్లని చూసి, తిని, భోజనం పొట్లాలు కట్టించుకుని మరీ వెళ్ళారు, పెళ్ళికొడుకు మాత్రం పెళ్ళికి రాలేదు. ఏడువందల శుభలేఖలు మిగిలాయి. ఇప్పుడు వాళ్ళమ్మ వాటిలో తెంపే చుట్టి అమ్ముతోంది. సోయాగింజల తెంపే కొంటే శుభలేఖ ఉచితం." జనం లేచి నిలబడి నవ్వారు. ఇది కల్పన కూడా కాదు. తిరుగు ప్రయాణంలో వ్యాన్లో వెనింగే చెప్పింది నాకు, తనే నవ్వుతూ. మంచి మాట మట్టిలో పోకూడదు. ఆట అయ్యాక "ఏమీ అనుకోలేదు కదే" అని అడిగాను కూడా. "ఏమీ లేదు పెద్దమ్మా" అంది.

పైగా వాళ్ళమ్మకి బేరం పెరిగిందని విన్నాను.

జులై 4, శుక్రవారం

వెనింగ్ సాధనకి రాలేదు. జ్వరమట.

జులై 7, సోమవారం

కార్యాలయానికి వెళ్ళొచ్చాను. గురువుగారు నన్నే పంపారు. బాధితురాలు స్వయంగా వెళితే బాగుంటుందట. బాధితురాలు. ఇరవై రెండేళ్ళలో నన్ను అనని మాట లేదనుకున్నాను, ఇదొకటి మిగిలింది.

అక్కడ ఉన్నది అనిందిత అనే అమ్మాయి. ముప్ఫై ఉంటాయేమో. యోగ్యకర్తలో చదువుకుంది, మర్యాద తెలిసిన పిల్ల, ప్రతి మాటకీ అమ్మా అన్నట్టు 'బు' అంటుంది. తియ్యటి టీ, అరటాకులో చుట్టిన అన్నం ఉండలు తెప్పించింది. తరవాత ఒక కాగితం నా ముందుకి జరిపింది. దాని మీద గడులు. హాస్యం ఏమిటి, ఎవరి మీద, వారి సమ్మతి ఉందా. సమ్మతి ఉంటే వేరే పత్రం రాసి, దాని మీద పదివేల రూపియా స్టాంపు అంటించి, సంతకం సగం స్టాంపు మీదకి వచ్చేలా పెట్టాలి. పొలం అమ్మినప్పుడు కూడా ఇంతే చేశాం.

"మిమ్మల్ని అలా అంటుంటే మాకే బాధగా ఉంటుంది బు వార్సినీ."

"మీకెందుకమ్మా బాధ. అన్నది నన్ను కదా."

"అదే. మీరు నవ్వుతూ కూర్చోవాల్సి వస్తోంది."

"జోకు బాగుంటే నవ్వొస్తుంది తల్లీ. కూర్చోవడం అంటావా, నేను ఒకసారి కూర్చున్నాక లేవడం కష్టం."

ఆ అమ్మాయి ఏదో రాసుకుంది. "పోనీ, లావు అనే మాట మార్చి చూద్దామా. భారీ దేహం గల మహిళ, అలాగ."

"బొమ్మ ఆ ముక్క పూర్తిచేసేలోపు జనం వెళ్ళి నూడుల్స్ తిని, చెయ్యి కడుక్కుని వస్తారు."

నవ్వింది. వెంటనే తప్పు చేసినదానిలా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ నవ్వుని ఏ గడిలో రాసుకుందో తెలీదు.

వచ్చేముందు గుమ్మం దాకా వచ్చి, మెల్లిగా అంది. "ఒకరు ఏడ్చారు బు. అందుకే ఇదంతా. పేరు చెప్పలేను."

ఎవరో పట్నం నుంచి వచ్చి చూసిన చదువుకున్నావిడ అయి ఉంటుంది. నా మీద జోకులకి తను ఏడ్చిందట. నా కష్టానికి ఏడవడానికి నా చుట్టాలే రారు.

జులై 9, బుధవారం

నిన్నంతా కూర్చుని ముప్ఫై ఒక్క జోకులు రాసి పంపాను. ఇవాళ ఎర్ర గీతలతో తిరిగొచ్చాయి. లావు అన్నవన్నీ పోయాయి, సరే, అవి పోతాయని తెలుసు. మొగుళ్ళ మీదవి పోయాయి. పోయినవాళ్ళ సమ్మతి తీసుకోలేం కదా అని పక్కన రాసి ఉంది. నాకు ఒళ్ళు మండింది మిగతావాటికి. కరంగ్‌లేజు దారిలో గుంతల మీద ఒకటి రాశాను, అందులో ఆడదీ లేదు, లావూ లేదు, ఒక్క స్కూటరు ఉంది. దానికీ ఎర్రగీత. ఊరిపెద్ద బావమరిదికి వంతెన కాంట్రాక్టు వచ్చిన సంగతి మీద రాసినదానికి రెండు ఎర్రగీతలు. ఆ గుంతల గురించి ఎవరు ఏడ్చారు నాయనా? ఆ వంతెన గౌరవం ఎవరు భంగం చేశారు? ఏడ్చిన ఆడదాని పేరు చెప్పి బావమరిదిని కాపాడుకుంటున్నారు.

మిగిలినవి నాలుగు. మూడు మేక మీద. సమ్మతి గడిలో మేకకి అడ్డగీత పెట్టారు, అవసరం లేదన్నట్టు.

జులై 10, గురువారం

అనిందిత మొన్న ఇంకోటి కూడా అడిగింది. మొదటిసారి ఎప్పుడు అన్నారు మిమ్మల్ని అలా, అని. గుర్తు లేదన్నాను.

బిడ్డ పోయి నలభై రోజులు కూడా కాలేదు అప్పటికి. ఇంట్లో ఊయల తాళ్ళు ఇంకా విప్పలేదు. ఒళ్ళు కూడా తగ్గలేదు, అది తగ్గడానికి టైం పడుతుంది, లోపల ఎవరూ లేకపోయినా. ఆ రోజు గురువుగారికి నవ్వు ఏదీ తోచక, లింబుక్‌ని నా వైపు తిప్పి, "వార్సినీ, ఆ మూట ఇంకా దించలేదా" అనిపించారు. జనం నవ్వారు. నేనూ నవ్వాను. దిగాక ఆయన "ఏమీ అనుకోలేదు కదా" అన్నారు. ఏమీ లేదు గురువుగారూ అన్నాను. మనలో ఇంకేమంటారు ఎవరైనా.

మర్నాడు ఆరు జోకులు రాసి పట్టుకెళ్ళాను. ఎగతాళి చెయ్యాలంటే సరిగ్గా చెయ్యండి, అని ఇచ్చాను. ఆ రోజు నుంచి నేను రాయని మాట ఒక్కటి కూడా నా మీద పడలేదు. ఇందులో బాధితురాలు ఎక్కడుంది.

ఇదంతా ఎందుకు రాశానో. జోకుల లెక్కకి దీనితో సంబంధం లేదు.

జులై 12, శనివారం

ముందు ముందు ఆటలకి పనికొస్తాయని సమ్మతి పత్రాల పని నాకే అప్పగించారు. సుకీరన్ చదవకుండానే సంతకం పెట్టి, స్టాంపు డబ్బులు ఎవరిస్తారని అడిగాడు. మిగతావాళ్ళూ అంతే. వెనింగ్ సాధనకి రావడం లేదు కాబట్టి వాళ్ళింటికే వెళ్ళాను.

సంతరోజు. అయినా వాళ్ళమ్మ ఇంట్లోనే ఉంది. బుట్టలు బోర్లించి ఉన్నాయి. టీ ఇచ్చింది, వేయించిన తెంపే పెట్టింది, ఎలా ఉన్నారని అడిగింది, తను మాత్రం కూర్చోలేదు. వంటింటి గుమ్మం దగ్గరే నిలబడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ ఉంది, అవి పొడిగానే ఉన్నా. తెంపే ఇప్పుడు ఉత్త అరటాకులోనే చుడుతున్నారట, కాగితం మానేశారట.

"బజారుకి వెళ్ళలేదా వదినా?"

"మోకాళ్ళు" అంది.

వెనింగ్ వచ్చి కూర్చుంది. జ్వరం తగ్గినట్టే ఉంది. పత్రం చూపించి, అందులో ఏముందో చెప్పబోయాను. 'నా మీద హాస్యం చేయడానికి నాకు అభ్యంతరం లేదు' అని, ఇంతే కదా. పెన్ను తీసుకుని సంతకం పెట్టేసింది.

"చదువుకోవే."

"ఏమీ లేదు పెద్దమ్మా" అంది, నవ్వుతూనే.

మంచి పిల్ల. ఇలాంటి పిల్లల మధ్య ఈ పత్రాల గొడవ ఏమిటో. తెంపేలో ఉప్పు కొంచెం ఎక్కువైంది.

జులై 15, మంగళవారం

పత్రాలు ఇవ్వడానికి వెళ్ళాను. అనిందిత టీ తేవడానికి లేచింది. ఫైలు తెరిచే ఉంది. నేను చదివాను. ఎవరైనా చదువుతారు.

గీతల కాగితం మీద చేతిరాత, పైన పేరు నల్లగా కొట్టేసి ఉంది. కొట్టేసి ఏం లాభం. "ముప్ఫై ఏళ్ళుగా తెంపే అమ్ముతున్నాను. ఇప్పుడు బజారులో చిన్నపిల్లలు కూడా నన్ను శుభలేఖా అని పిలుస్తున్నారు. వాళ్ళు కొంటున్నారు, కొని కాగితం విప్పి చూసి నవ్వుతున్నారు. నా కూతురు ఆట నుంచి వచ్చి బావి దగ్గర మొహం కడుక్కుంటుంది, చాలాసేపు. చెప్పొద్దంది, అయినా రాస్తున్నాను. గురువుగారంటే మాకు గౌరవమే. ఆయనకి ఆ సంగతి ఎవరు చెప్పారో మాకు తెలియదు."

నా పేరు వెతికాను. రెండుసార్లు వెతికాను. నా ఒళ్ళు గురించి గాని, నా మొగుళ్ళ గురించి గాని ఒక్క ముక్క లేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు పదిహేను రోజులుగా నా భుజాలే నేను తడుముకున్నాను. దొంగని నేనే, గుమ్మడికాయే వేరు.

అనిందిత టీ పట్టుకుని వచ్చింది.

"ఆ తెంపే జోకు నేను రాశానమ్మా" అన్నాను.

టీ బల్ల మీద పెట్టి, వచ్చి నా పక్కన కూర్చుని, నా చెయ్యి పట్టుకుంది. "బు, ఆయన్ని మీరు కాపాడాల్సిన అవసరం లేదు."

"కాపాడ్డం లేదు. అది నాది. అన్నీ నావే. ఆయనకి జోకు రాదు, పిలిచి ఒకటి వెయ్యమని అడుగు."

"ఏళ్ళ తరబడి అణిగి ఉన్నవాళ్ళు తప్పు తమదే అనుకుంటారు. మాకు శిక్షణలో చెప్పారు."

"నేను అణిగి ఉన్నట్టు కనిపిస్తున్నానా? ఈ కుర్చీని అడుగు."

ఈసారి నవ్వలేదు. కళ్ళనీళ్ళు తిరిగాయి ఆ పిల్లకి. గురువారాలు ఒక సలహాదారు వస్తారట, నాకు మాట్లాడాలనిపిస్తే మాట్లాడొచ్చట.

ఇరవై రెండేళ్ళు నా జోకుల పేరంతా ఆయనకే పోయింది. ఇప్పుడు నా తప్పు కూడా ఆయనకే పోతోంది. నాకంటూ మిగిలేది ఏమైనా ఉందా ఈ లోకంలో అని అడగాలనిపించింది, టీ తాగేసి వచ్చేశాను.

జులై 17, గురువారం

గురువుగారింటికి వెళ్ళాను. ముంగిట్లో బొమ్మల్ని నీడపట్టున ఆరబెడుతున్నారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. వెనింగ్ వాళ్ళ ఇంటి సంగతి, ఉత్తరం సంగతి. జోకులు రాసేది నేనని బయట చెప్పేస్తానన్నాను.

"ఎవరికి చెబుతావు? బొమ్మ నోట వచ్చిన మాట ఆడించినవాడిది. మన పనిలో అంతే కదా మొదటి నుంచీ."

"ఆ పిల్ల ఏడ్చింది గురువుగారూ."

"సంతకం పెట్టింది కదా."

"నేనూ ఏమీ లేదనే అన్నాను, అప్పుడు."

"ఎప్పుడు?" అన్నారు.

నిజంగానే అడిగారు. లింబుక్ బొమ్మ మొహం మీద దుమ్ము మెత్తటి గుడ్డతో తుడుస్తూ, తల ఎత్తి, నిజంగానే. ఆయన మొహంలో దాపరికం ఏమీ లేదు. ఇరవై రెండేళ్ళు నేను అన్నం తిన్నది ఆయనకి గుర్తులేని ఒక్క మాట మీద.

జులై 18, శుక్రవారం

రేపు మేక.

జులై 20, ఆదివారం

మధ్యాహ్నం దాకా పడుకున్నాను. ఇప్పుడు రాస్తాను, మొత్తం.

కరంగ్‌లేజులో జనం బాగా వచ్చారు. ముందు వరసలో ఊరిపెద్ద, ఆయన పక్కన బావమరిది, ఆ పక్కన అనిందిత, ఒళ్ళో ముద్ర వేసిన జాబితా పెట్టుకుని. పాపం నాకంటే ఎక్కువ కంగారుగా ఉంది. వెనింగ్ వచ్చింది. నా పక్క చోటే తనది. నమస్కారం పెట్టింది, సర్దుకుని కూర్చుంది.

లింబుక్ వచ్చింది. మేక జోకు ఒకటి అయింది. రెండోది అయింది. సుకీరన్ ప్రతి జోకు చివరా డోలు మీద దెబ్బ వేస్తాడు, నవ్వాల్సిన చోటు అదని జనానికి తెలిసేలా. ఆ దెబ్బ ఒక్కటే వినపడింది. మూడో మేకకి వెనక వరసలు లేచి నూడుల్స్ బళ్ళ వైపు నడిచాయి. గురువుగారి మెడ వెనక చెమట కారడం నాకు కనిపించింది. అరవై మూడేళ్ళ మనిషి. ఆయన జాబితా వదిలేసి, లింబుక్‌ని నా వైపు తిప్పారు.

"వార్సినీ, నువ్వైనా ఏదైనా చెప్పవే."

నేను మైకు తీసుకున్నాను. ఏం చెప్పాలో ఆలోచించుకోలేదు, ఉన్నదే చెప్పాను.

"ఈ గురువుగారికి జోకు రాదు" అన్నాను. డోలు దెబ్బ. జనం నవ్వారు.

"ఇరవై రెండేళ్ళుగా నేనే రాసి సిగరెట్ల పెట్టెలో పెడుతున్నాను." డోలు దెబ్బ. వెళ్ళినవాళ్ళు వెనక్కి తిరిగారు.

"నన్ను లావు అన్నది నేనే. మీరు నవ్వినవన్నీ నావే. ఆ తెంపే శుభలేఖల మాట కూడా నాదే. ఈ పిల్ల నన్ను నమ్మి వ్యాన్లో చెప్పుకుంది, నేను తీసుకెళ్ళి బజారులో పెట్టాను. తప్పు నాది, గురువుగారిది కాదు."

ప్రతి ముక్కకీ సుకీరన్ దెబ్బ వేస్తూనే ఉన్నాడు. జనం ఊగిపోతున్నారు. ఊరిపెద్ద తొడ కొట్టుకుని నవ్వాడు. బావమరిదికి దగ్గు వచ్చింది నవ్వి నవ్వి. అనిందిత కూడా నవ్వింది, ఈసారి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, కళ్ళు తుడుచుకుంటూ. నిజం, ఒట్టు, అన్నాను. అది ఇంకా పెద్ద నవ్వు. అందరికంటే గట్టిగా నవ్వింది గురువుగారు, ఒడ్డుకి చేరినవాడి నవ్వు అది. నా జన్మలో అంత నవ్వు పుట్టించలేదు నేను.

వెనింగ్ నవ్వలేదు. నా చేతిలో మైకుని తన అరచేత్తో మూసింది, జనానికి వినపడకుండా.

"బాధ వేసింది పెద్దమ్మా. మీకు చెప్పినందుకు ఎక్కువ బాధ వేసింది. అమ్మ బజారుకి వెళ్ళడం మానేసింది."

కళ్ళు దించకుండా చెప్పింది. తను చెయ్యి తీసేసి, మైకు తన వైపు తిప్పుకుని, పాట ఎత్తుకుంది. పై స్థాయి ఎక్కడా వణకలేదు.

తిరుగు ప్రయాణంలో తను ముందు సీట్లో కూర్చుంది. నేను పిలవలేదు.

ఇప్పుడే గురువుగారు ఫోన్ చేశారు. గొంతు నిండా సంతోషం. ఆటని ఎవరో వీడియో తీసి పంపించుకున్నారట, మూడు ఊళ్ళు అడిగాయట, ఆ తప్పు ఒప్పుకునే ముక్క తప్పకుండా ఉండాలన్నారట. కార్యాలయం వాళ్ళు కూడా ఎవరినీ నొప్పించని హాస్యం అని మెచ్చుకున్నారట.

"ఆ ముక్క మళ్ళీ చెప్పను గురువుగారూ" అన్నాను.

"ఎందుకని?"

"బాధ వేస్తుంది" అన్నాను. "ఊయల తాళ్ళు విప్పకముందు మీరు మూట దించలేదా అన్నారు చూడండి, ఆ రోజు కూడా వేసింది. ఏమీ లేదని అబద్ధం చెప్పాను."

అవతల ఆయన మెల్లిగా నవ్వడం వినపడింది.

"ఇది కూడా బాగుంది వార్సినీ. రాసి పెట్టు" అన్నారు.